లోహఫలకముపై నక్షరము: ఉలి మొదలు లేజరు కిరణము వఱకు

 

నశింపనిది గావున దానికి "అక్షర"మను పేరు కలిగినదని మన శాబ్దికులు నిర్వచించిరి. తాటియాకుపై వ్రాసినది చెదలకును, కాగితముపై వ్రాసినది తేమకును, గోడపై వ్రాసినది మఱుసటి యేఁటి సున్నమునకును లోఁబడిపోవును. శిలపైనను లోహముపైనను జెక్కిన యక్షరము మాత్రమే తన పేరును గొంతవఱకైనను సార్థకము చేసికొనుచున్నది. అందు లోహముపై నక్షరమును నిలుపు విద్య మన పూర్వులకు జీవనోపాధియైనది. కావున నేఁడు సంఘకార్యాలయమునకుఁ గాని, విద్యార్థివసతిగృహమునకుఁ గాని లోహపు నామఫలకము నమర్పఁదలఁచినప్పుడు "దీనిని దేనితోఁ గోయింపవలెను?" అను ప్రశ్న యితరులకు బజారుప్రశ్న యైనను, మనకుఁ జరిత్రప్రశ్న కూడ నగుచున్నది.

సాధారణముగా కార్యనిర్వాహకులు మొదట నడుగునది "ఏది చౌక?" యని. పిదప నడుగునది "ఏది త్వరగా నగును?" అని. ఈ రెండు ప్రశ్నలును దగినవే. కాని యవి మొదటివి కాఁగూడదు. ఏ లోహము, ఎంత మందము, ఎట్టి యక్షరము, ఏ తావున నిలుచునది అను నాలుగింటికిఁ బ్రత్యుత్తరము దొరకిన తరువాతఁ గాని సాధనమును నిర్ణయింపరాదు. ఈ క్రమము నేను గల్పించినది కాదు. మన పూర్వుల పనితనమును బరిశీలించిన వారికి స్వయముగానే గోచరించును.

ప్రాచీన కాలమున లోహముపై నక్షరము రెండు విధములఁ బుట్టినది. ఒకటి పోఁత, రెండవది కోఁత. గోరఖ్‌పూరు మండలమున సోహగౌరా గ్రామమున దొరకిన చిన్న కంచుఫలకము మౌర్యుల కాలమునాఁటిదని పలువురు విద్వాంసుల యభిప్రాయము. దానియందలి బ్రాహ్మీలిపి యక్షరములు ఉలితోఁ జెక్కినవి కావు. అచ్చులోఁ బోసినవి గావున నుబ్బి కనఁబడును. ఒకే శాసనమునకుఁ బెక్కు ప్రతులు కావలసినచోఁ బోఁత మేలు. ఒక్కొక్క దానమునకు ఒక్కొక్క పత్రము కావలసినచోఁ గోఁతయే మేలు. కావుననే తరువాతి శతాబ్దులలో రాజులు దానశాసనములను రాగిరేకులపైఁ జెక్కించిరి. రాజదానమును వస్త్రముపైనఁ గాని తామ్రపట్టముపైనఁ గాని వ్రాయింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతియే విధించుచున్నది.

ఆ తామ్రశాసనమును జేయు విధానము గమనింపఁదగినది. ముందుగా రాగిముద్దను సుత్తితో సాగఁగొట్టి రేకుగాఁ జేయుదురు. రేకులు పరస్పరము రాచుకొని యక్షరము లరగకుండుటకై పెక్కు శాసనములలో నంచులను గొంచెము మీఁదికెత్తి గట్టువలె నుంచిరి. తరువాత లేఖకుఁడు సిరాతో వ్రాయఁగా, ఆ గీఁత ననుసరించి శిల్పి చీరణముతోఁ జెక్కును. పిమ్మట రేకులకు రంధ్రములు చేసి కడియమునఁ గూర్చి, కడియపు మొనలను రాజముద్రతో బిగింతురు. తూర్పుచాళుక్యుల ముద్రలపై వరాహమును, "శ్రీ త్రిభువనాంకుశ" యను బిరుదమును నేఁటికిని స్పష్టముగాఁ జూడవచ్చును. క్రీ.శ. 1053 నాఁటి రాజరాజనరేంద్రుని నందంపూఁడి శాసనమున కావ్యకర్తయైన నన్నయభట్టు పేరును, లేఖకుఁడైన గండాచార్యుని పేరును బ్రక్కప్రక్కన నున్నవి. ఆంధ్రభాషకు నాదికవియైన మహానుభావుని పేరు ప్రక్కనే రేకుపై నక్షరమును దిద్దిన వాని పేరును నిలుచుట సామాన్య గౌరవము కాదు. నేఁటి నామఫలకములపై దాత పేరుండును, ఆవిష్కర్త పేరుండును. చేసిన వాని పేరుండదు.

ఆ రాగిరేకులనుండి నేర్వఁదగిన సూత్రములు రెండు గలవు. మొదటిది: కోఁతలోఁతు మందమునకుఁ దగియుండవలెను. పలుచని రేకుపై బలముగాఁ జెక్కిన శాసనములలో నక్షరములు వెనుకవైపునకుఁ బొడిచికొని వచ్చి, రెండవ ప్రక్క వ్రాయుటకు వీలులేకపోయినది. రెండవది: తప్పు దిద్దుకొనుటకు అవకాశముండవలెను. అక్షరము తప్పినచో శిల్పి యాతావును సుత్తితోఁ జదునుచేసి, దానిపై సరియైన యక్షరమును మరలఁ జెక్కెడివాఁడు. ఆ గుఱుతులు పెక్కు శాసనములలోఁ గనఁబడును. రాగి మెత్తని లోహము గావున నది క్షమించును. నేఁటి యంత్రపుఁ గోఁత క్షమింపదు. ఆరుపారు కోసిన పిమ్మట నొక దీర్ఘము తప్పైనను రేకంతయు వ్యర్థమే.

ఇనుము సంగతి వేఱు. ఢిల్లీ నగరమునఁ గుతుబుమీనారు చెంత నిలిచియున్న యినుపస్తంభము ఏడు మీటరులకు మించిన పొడవును, ఆఱు టన్నుల కెక్కుడు బరువును గలది. దానిపై జంద్రుఁడను రాజు కీర్తిని దెలుపు సంస్కృతశాసనము దాదాపు 1,600 సంవత్సరములనుండి వానకు నెండకు నోర్చి చదువుటకు వీలుగా నున్నది. ఆ యినుమునందు భాస్వర మధికముగా నుండుటచే ఉపరితలమున నొక రక్షకపొర యేర్పడి త్రుప్పును నివారించుచున్నదని కాన్పూరు ఐ.ఐ.టి.కిఁ జెందిన ఆచార్య ఆర్. బాలసుబ్రహ్మణ్యము విశదీకరించెను. ఇనుమును గోయవలెనన్న దానికంటెఁ గఠినమైన యుక్కుటులి కావలెను. అట్టి యుక్కు మన తెలుఁగునేలపైనే, నేఁటి నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రమున మూసలలోఁ గరఁగించి చేయఁబడి, కత్తుల కొఱకుఁ బారసీకవర్తకులచేఁ గొనిపోఁబడెడిది.

రాజుల దానములే కాక భక్తుల సాహిత్యము కూడ లోహమునే యాశ్రయించినది. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనములను ఆయన వంశీయులు వేలకొలఁది రాగిరేకులపైఁ జెక్కించి తిరుమల యాలయమునందలి సంకీర్తనభాండారమున నుంచిరి. తాటియాకులపై మాత్రమే యుండినచో నాపదములలో నెన్ని మనవఱకు వచ్చియుండునో చెప్పఁజాలము. ఆ రేకులను జెక్కిన చేతులెవ్వరివైనను, తెలుఁగుభాష వారికి ఋణపడియున్నది.

ఇఁక చేతిపనిలో నక్షరమునుగాని చిత్రమునుగాని లోహముపై నిలుపు మార్గములు మూఁడుగా నేర్పడినవి. ఉలితో లోహమును దొలఁగించుట మొదటిది. ఇదియే శాసనమార్గము. రేకును లక్కపై నుంచి సుత్తితోను మొద్దుటులులతోను వెనుకనుండి పొడిచి యుబ్బించుట రెండవది. జనగామ మండలమున పెంబర్తి గ్రామపు ఇత్తడిపని యిట్టిది. చెక్కిన గాడిలో వేఱు లోహమును బొదుగుట మూఁడవది. తుత్తునాగమునఁ గొంచెము రాగిని గలిపి పోఁతపోసి, చెక్కి, వెండితీఁగను బొదిగి, కోటలోని మట్టితోను నవసాగరముతోను నల్లఁజేయు బీదరుపని యిట్టిది. వీనికిఁ దోడు సన్నని ఱంపపుఁదీఁగతో రేకును ఆరుపారు కోయు జాలిపని స్వర్ణకారుల యింటింట నుండెడిది. నేఁటి యంత్రములన్నియు నీ మార్గములనే వేఱు శక్తులతో ననుసరించుచున్నవి.

ముద్రణము వచ్చినప్పుడును లోహకారుఁడే ముందు నిలిచెను. 1778లో హుగ్లీయందు హాల్‌హెడ్ దొర రచించిన వంగవ్యాకరణము ముద్రింపఁబడినప్పుడు, విల్కిన్సు దొరకుఁ దోడై వంగాక్షరములకు ఉక్కు ముద్దరలను జెక్కినవాఁడు పంచాననకర్మకారుఁడు. ఆతఁడు పుట్టుకచే లోహపుఁబనివాఁడు. పిమ్మట నాతఁడు శ్రీరామపుర ముద్రాలయమునఁ జేరి పెక్కు భారతీయలిపులకు అక్షరములు సిద్ధము కావించెను. కొత్త సాధనము వచ్చినదని యాతఁడు ఉలిని బాఱవేయలేదు. ఉలిని గొత్తపనికిఁ దిప్పెను. ఈ విషయమును మనవారు స్మరణయం దుంచుకొనవలయును.

ఇప్పుడు యంత్రయుగమును జూతము. ప్రాణవాయువును అసిటిలీను వాయువును గలిపి మండించిన జ్వాల మూఁడువేల డిగ్రీలు దాఁటునని 1895లో లషాటెలియే యను ఫ్రెంచి రసాయనవేత్త కనుఁగొనెను. ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలోనే ఫూషే, పికార్ అను వారు దానికిఁ దగిన దీపమును నిర్మించిరి. ఈ జ్వాల యినుమును గరఁగించి కోయునని పలువు రనుకొందురు. అది నిజము కాదు. ఇనుమును ఎఱ్ఱగాఁ గాల్చి దానిపై స్వచ్ఛమైన ప్రాణవాయువు ధారను విడిచినచో ఇనుమే కట్టెవలె మండి, బూడిదయై కొట్టుకొనిపోవును. అట్లు మండు గుణము సాధారణపు టినుమునకుఁ గలదు. రాగికి, ఇత్తడికి, అల్యూమినియమునకు, స్టెయిన్‌లెస్ స్టీలునకు లేదు. కావున జ్వాల మందపు టినుపపలకలకే తగును. సన్నని రేకు నది వంకరపుచ్చును.

ఆ కొఱఁత తీర్చుటకు 1957లో అమెరికాలో గేజి యను నాతఁడు ప్లాస్మాకోఁతకు హక్కుపత్రమును బొందెను. సన్నని రంధ్రముగుండ వాయువును విద్యుజ్జ్వాలతో వెడలించినచో, నది యేలోహమును గరఁగించునంతటి వేఁడిని దాల్చును. విద్యుత్తు ప్రవహించు లోహమేదైనను దానికి లొంగును. ఖర్చు తక్కువ, వేగ మెక్కువ. కాని కోఁతచాలు ఒకటి రెండు మిల్లీమీటరులు వెడల్పగును. అంచు కొంచెము వాలుగా నుండును. అడుగుఁబెద్ద యక్షరములకు బాధలేదు. బొటనవ్రేలంత యక్షరములకు వత్తులు కలిసిపోవును.

1952లో అమెరికాయందలి మసాచుసెట్సు సాంకేతికవిద్యాలయమున సంఖ్యలనుబట్టి నడచు యంత్రము ప్రదర్శింపఁబడినది. దాని సంతతియే నేఁటి కంప్యూటరుతో నడచు కోఁతయంత్రములు. 1960లో మైమన్ కెంపుస్ఫటికముతో మొదటి లేజరును వెలిగించెను. 1964లో బారామతియందు జన్మించిన భారతీయుఁడు కుమార్ పటేల్ బెల్ పరిశోధనాలయమునఁ గర్బనద్వ్యామ్లజవాయువుతో లేజరును నిర్మించెను. 1967లో ఇంగ్లాండున హౌల్డ్‌క్రాఫ్టు ఆ కిరణమునకుఁ బ్రాణవాయుధారను జోడించి ఒక మిల్లీమీటరు మందపు టుక్కురేకును గోసెను. కోఁతచాలు వెండ్రుకలు రెండుమూఁడు చేర్చినంత మాత్రమే యుండుట దీని గొప్పతనము. అయితే మెఱుఁగుపెట్టిన రాగియు నిత్తడియు నాపాత లేజరు కిరణమును అద్దమువలెఁ ద్రిప్పికొట్టెడివి. తరువాత వచ్చిన ఫైబరు లేజరు కిరణము తరంగదైర్ఘ్యమునఁ దానిలో పదియవవంతు గావున ఇత్తడిని గూడఁ జక్కఁగాఁ గోయును. ఇత్తడిపనిని ఒప్పగించుటకు ముందు "మీది యేలేజరు?" అని యడుగుట కిదియే కారణము.

వేఁడిని ముట్టనిది జలధార. వాతావరణపీడనమునకు దాదాపు నాలుగువేల రెట్ల పీడనముతో నీటిని సన్నని రంధ్రముగుండ వెడలించి, దానిలో గార్నెట్ ఇసుకను గలిపినచో నది లోహమును, శిలను, గాజును గూడఁ గోయును. కోఁత నునుపుగా నుండి, అంచు నల్లఁబడదు, రేకు వంగదు. 1980 ప్రాంతమున అమెరికాలో హషీష్ అను శాస్త్రజ్ఞుఁ డీపద్ధతిని బెంపొందించెను. ఆ గార్నెట్ ఇసుక మన భీమునిపట్టణము, శ్రీకాకుళము సముద్రతీరములందును గలదు. కాని యీపని నిదానము. ఖర్చును లేజరుకంటె నెక్కువ.

ఇఁక ఆమ్లకోఁత. ఇత్తడిపలకపై అక్షరముల చుట్టును రక్షకలేపనము పూసి, ఫెర్రిక్ క్లోరైడు ద్రవమున ముంచినచో లేపనములేని చోటు తినఁబడి గాడి యగును. ఆ గాడిలో రంగును నింపుదురు. తలుపుప్రక్క నమర్పు చిన్న ఫలకములకును, చిన్న యక్షరముల దాతృనామావళికిని ఇంతకంటెఁ దగినది లేదు.

ఇప్పుడు ముఖ్యవిషయము. ఈ యంత్రములన్నియు నాంగ్లాక్షరములు వ్రాయు దేశములందుఁ బుట్టినవి. మన యక్షరము వలయాకారము. రేకును ఆరుపారు కోసి యక్షరమును రంధ్రముగాఁ జూపినచో, వలయము లోపలి ముక్క నిలుచుట కాధారము లేక రాలిపోవును. సున్న గుండ్రని బెజ్జమగును. ఠకారపు చుక్క నేలఁబడును. ఒక విద్యాలయపు ద్వారముపై ననుస్వారములన్నియు బెజ్జములై, వాని గుండ ఆకాశము కనఁబడుచుండుట నేను స్వయముగాఁ జూచితిని. ఆంగ్లమున "ఓ" యక్షరమునకును ఇదే బాధ గలదు. మనకుఁ బంక్తిపంక్తియందును గలదు. కావున వలయమునకు లోపలినుండి వెలుపలికి సన్నని వంతెన లుంచి లిపిని గీయింపవలెను. వంతెన వెడల్పు రేకుమందమునకుఁ దక్కువ కాఁగూడదు. లేనిచో అది విఱుగును.

అక్షరములనే విడివిడిగాఁ గోసి గోడపై నమర్పఁదలఁచినచో బాధ తలక్రిందులగును. పకారమున కుండు తలకట్టు వేఱుముక్క. క్రింది వత్తు వేఱుముక్క. ఒక్కొక్క యక్షరమునకు రెండు మూఁడు ముక్క లగును. అమర్చువాఁడు తెలుఁగు చదువ నేరనివాఁడైనచో తలకట్టు మఱొక యక్షరముపైఁ బడును. కావున యంత్రశాలవారియొద్దనుండి ముక్కలతోఁ బాటు పూర్తికొలఁతగల కాగితపు నమూనాను గూడఁ దీసికొని, దానిని గోడకంటించి, దాని ప్రకారమే తొరపణముతో రంధ్రములు వేయింపవలెను. లేదా యక్షరములను వెనుకపలకపై ముందే బిగించి తేవలెను.

తావును గూర్చి యొకమాట. విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీరపు టూళ్లలో ఉప్పుగాలికిఁ బచ్చియినుము నిలువదు. సాధారణపు 304 రకపు స్టెయిన్‌లెస్ స్టీలుకంటె మాలిబ్డినము గలిసిన 316 రకము మేలు. ఇత్తడి యక్షరములకు ఇనుప మరలు వాడరాదు. రెండు లోహముల సంపర్కమునఁ దడిపడినప్పుడు ఇనుము త్వరగాఁ దినఁబడి, గోడపై త్రుప్పుచారలు దిగును. నామఫలకము నూఱేండ్లు నిలుచునదైనను, మర పదేండ్లకే చెడినచో ఫలకము నేలఁబడును.

కావున నా విన్నపము సంగ్రహముగా నిది. వీథినుండి చదువవలసిన పెద్ద యినుపఫలకమునకు ప్లాస్మా చాలును. రంగు పూయుట తప్పదు. గోడపై నిలుచు ఇత్తడి లేక స్టెయిన్‌లెస్ స్టీలు అక్షరములకు ఫైబరు లేజరును గోరవలెను. పది పదునైదు మిల్లీమీటరుల మందపు టిత్తడికి, శిలతోఁ గూర్చిన లోహపుఁబనికి జలధార తగును. లోపలి చిన్నఫలకములకు ఆమ్లకోఁత తగును. జ్వాలకోఁతను మందపు టినుపపలకలకే విడువవలెను.

అయినను ఈ నిర్ణయముతో విషయము ముగియదు. ఏ యక్షరమును జెక్కుటకు చేతిశిల్పికి ఒకపూట పట్టునో, దానిని లేజరు నిమిషములలోఁ గోయుచున్నది. ఉలిపట్టిన పెద్దలు పెక్కురు పనిలేక యున్నారు. వారి కుమారులు ఉలి నేర్వలేదు, యంత్రమును నేర్వలేదు. యంత్రశాలలో మీట నొక్కువానికి అక్షరజ్ఞానము కొఱవడియున్నది. సుందరమైన యక్షరమును గీయఁగల వృద్ధునికిఁ గంప్యూటరు తెలియదు. ఈ యిద్దఱి నడుమ నున్న యగాధమే మన వృత్తికి నిజమైన యాపద. యంత్రము శత్రువు కాదు. యంత్రమునకు సరియైన గీఁతను అందింపఁగలవాఁడు లేకపోవుటయే శత్రువు.

దీనికి సంఘము చేయఁదగిన పనులు మూఁడు గలవు. నామఫలకమునకు వెచ్చించు ద్రవ్యమునఁ గొంతభాగమును అక్షరమును జేతితో గీయు పెద్దలకుఁ బ్రతిఫలముగా నొసఁగి, వారి గీఁతనే యంత్రమున కందింపవలెను. కోఁత ముగిసిన పిమ్మట అంచులను ఆకురాయితో దిద్ది మెఱుఁగుపెట్టు పనిని మన శిల్పులకే యిప్పింపవలెను. పాలిటెక్నిక్కులలోను పారిశ్రామిక శిక్షణసంస్థలలోను జదువు మన బాలురకు, బాలికలకు నిచ్చు వేతనములలోఁ గొన్నింటిని, యంత్రముతోఁ బాటు చేతిలిపిని గూడ నేర్చువారికిఁ బ్రత్యేకింపవలెను. ద్వారముపై నామమును లేజరు కోయుఁగాక. దాతల నామములను మాత్రము లోపల నొక రాగిరేకుపై ఉలితోఁ జెక్కింపుఁడు. ఆ రేకున తప్పుదొరలినచో దిద్దుకొనవచ్చును. కొత్త దాత వచ్చినచోఁ జేర్చుకొనవచ్చును.

ఆ రేకు చివర, చేసిన వాని పేరును జెక్కింప మఱవకుఁడు. నన్నయభట్టు ప్రక్కన గండాచార్యునికిఁ జోటు దొరకిన నేలయందు, మన కార్యాలయపు గోడపై నొక శిల్పి పేరునకు జానెఁడు చోటు దొరకకపోదు.